తిరుమలరావు గడ్డం తిరిగిన రోజు

పొద్దున్న ఏడున్నరకల్లా తిరుమలరావు ఆటలదీవి గేటు దాటేవాడు. హైవే పక్కన జీడితోటలు కొట్టేసి కట్టిన పార్కు అది. విజయనగరం వాళ్ళు మాదంటారు, శ్రీకాకుళం వాళ్ళు మాదంటారు, టిక్కెట్టు మాత్రం ఇద్దరికీ ఒకటే. అందులో అన్నిటికన్నా పెద్ద ఆట సుడిగుండం. పట్టాల మీద బండి కొండెక్కినట్టు నెమ్మదిగా ఎక్కి, అక్కణ్ణించి ఒక్క దూకు దూకి, మూడు చోట్ల మనుషుల్ని తలకిందులుగా తిప్పి, ఎక్కిన చోటే తెచ్చి దింపుతుంది. దిగినవాళ్ళు కాసేపు అమ్మానాన్నల పేర్లు మర్చిపోతారు. దాన్ని నడిపేది తిరుమలరావు.

రోజూ పని ఒకే తీరుగా ఉండేది. సీట్లు తుడవాలి, బెల్టులు గుంజి చూడాలి, ఇసక బస్తాలు కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పాలి. ఆ తర్వాత స్టాఫులో ఒక మనిషి ఎక్కి ఇంకో చుట్టు తిరిగి, దిగి, బాగుంది అన్నాకే జనానికి గేటు తీస్తారు. అలా ఎక్కాల్సినవాడు తిరుమలరావే. ఎక్కేవాడు కూడా. కానీ కొన్ని నెలలుగా అతనికి బదులు, పక్కన పిల్లలు కూర్చుంటే గిరగిరా తిరిగే కప్పుల ఆట నడిపే రాముడు ఎక్కుతున్నాడు. ఎందుకంటే తిరుమలరావు భార్య దుర్గాభవాని కడుపుతో ఉంది.

కడుపుతో ఉన్నదాని మొగుడికి మన వైపున్న కట్టుబాట్లు తెలిసినవే. శవం మొయ్యకూడదు, సముద్రంలో మునగకూడదు, ఇంటికి పునాది తియ్యకూడదు, గడ్డం గీయించుకోకూడదు. పెద్దవాళ్ళు వీటితో సరిపెట్టారు గాని తిరుమలరావు తల్లి సుభద్రమ్మకి చాల్లేదు. ఒకసారి పార్కుకొచ్చి సుడిగుండం కేసి తల పైకెత్తి చూసిన దగ్గర్నించి ఆవిడకి కంటి మీద కునుకు లేదు.

"ఒరే నాయినా, ఆ పాడు బండి ఎక్కకురా. నువ్వు తలకిందులైతే లోపల పిల్ల తలకిందులైపోద్ది" అని కొడుకు చేత దేవుడి పటం ముందు ఒట్టేయించుకుంది.

ఇక గడ్డం సంగతి. లోకంలో అందరి గడ్డాలూ వాటి మానాన అవి పెరుగుతాయి. తిరుమలరావు వంశంలో మగవాళ్ళ గడ్డాలు మాత్రం కడుపులో పిల్లతో పాటు పెరుగుతాయి. మూడో నెలలో నూగు, ఐదో నెలలో కదలిక. పిల్లకి ఎక్కిళ్ళొస్తే గడ్డం ఎగిరెగిరి పడుతుంది. పిల్ల నిద్రపోతే తడిపి ఆరేసిన తువ్వాలులా వాలిపోతుంది. దుర్గాభవాని పచ్చి మామిడికాయ కొరికితే ఇక్కడ ఇతని గడ్డం కొసలు ముడుచుకునేవి. ఊళ్ళో అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. బస్సులో పక్క సీటు వాళ్ళు గడ్డం కేసి చూసి, పిల్ల లేచిందా అన్నట్టు "నేసిందేటి?" అని అడుగుతారు, "నేసింది, తన్నతన్నాది" అని ఇతను చెబుతాడు. ఊరి నర్సమ్మ ఇంటికొస్తే ముందు తిరుమలరావు గడ్డం మీద చెయ్యేసి చూసి, అప్పుడు దుర్గాభవాని మంచం దగ్గరికి వెళ్ళేది.

అయితే ఇది మొదటి కాన్పు కాదు. రెండేళ్ళ కిందట ఒకటి అయింది. అప్పుడతను విశాఖలో ఏదో అపార్టుమెంటు దగ్గర సెక్యూరిటీలో ఉండేవాడు. నున్నటి మొహంతో రాకపోతే డ్యూటీ లేదని సూపర్‌వైజరు అంటే రోజూ పొద్దున్నే గీసుకునేవాడు. ఏడో నెలలో పిల్ల కదలడం మానేసింది. ఆ కబురు అతనికి గడ్డం చెప్పలేదు, సాయంత్రం ఎప్పుడో ఫోను చెప్పింది. గడ్డం ఉండుంటే ముందే తెలిసేదేమో, ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ళమేమో అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా అది ఇంట్లోనే ఉండేది. ఈసారి దుర్గాభవానికి నెల తప్పగానే తిరుమలరావు రేజరు తీసుకెళ్ళి నూతిలో పారేశాడు.

సరిగ్గా ఇప్పుడే పార్కులో కొత్త రూలు పెట్టారు.

హైదరాబాదు ఆఫీసు నుంచి వచ్చిన రూలు అది. ఆటలదీవిలో పనిచేసే మగవాళ్ళెవరికీ గడ్డం ఉండకూడదు. మీసం పెదవి అంచు దాటకూడదు. ఆ దెబ్బకి మొదట పోయింది రాముడి మీసం. మింగ మెతుకు లేదు గాని మీసాలకి సంపెంగ నూనె అని వాళ్ళావిడ నిత్యం దెప్పే మీసం అది, తీరా పోయాక ఆవిడే ఎక్కువ ఏడ్చింది. తిరుమలరావుని జనానికి కనబడకుండా ఎలుగుబంటి వేషంలో పెడదామా అని ఆలోచించారు. వేషం లోపలి మనిషికి కూడా అదే రూలని పైనుంచి జవాబొచ్చింది. ఎలుగుబంటి ఒంటి నిండా బొచ్చుండొచ్చు, లోపలివాడికి మాత్రం ఉండకూడదు.

స్టాఫు వ్యవహారాలు చూసే ఆశ్రిత బొబ్బిలి అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కేకలేసే రకం కాదు, అదే ఆమెకున్న ఇబ్బంది. తిరుమలరావుని ఆఫీసులోకి పిలిచి కుర్చీ వేయించింది.

"సోమవారం జానకిరామయ్యగారు వస్తున్నారండీ, హెడ్డాఫీసు నుంచి. పద్ధతిగా ఉన్నవాళ్ళని పర్మినెంటు చేస్తారు. లేనివాళ్ళని తీసెయ్యమని నాకే చెబుతారు. మీ పని మీద ఇన్నాళ్ళలో ఒక్క మాట రాలేదు. ఈ ఒక్కటీ…"

"తొమ్మిదో నెల మేడమ్. కాన్పయిన మర్నాడే నున్నగా గీయించుకొచ్చేస్తాను. అందాకా ఆగండి."

"సోమవారం లోపు అవుతుందా?"

తిరుమలరావు తల ఎత్తి గడ్డం చూపించాడు. వెంట్రుకలన్నీ కుడి చెంప నుంచి ఎడమ చెంపకి అడ్డంగా వాలి ఉన్నాయి. ఫ్యాను ఆపేసిన గదిలో కూడా అతని మొహానికి పక్కనుంచి గాలి కొడుతున్నట్టే ఉంది.

"పిల్ల అడ్డంగా ఉన్నాది మేడమ్. నెల్లాళ్ళనుంచి ఇలాగే. తల కిందకి తిరగాల. సోమవారం పొద్దున్న ఆసుపత్రిలో జేరమన్నారు, అప్పటికీ తిరక్కపోతే కోసి తీస్తామన్నారు. కోస్తే కోసారు, ఇద్దరూ దక్కితే సాలు. కానీ ఈ నోపల ఏటైనా అయితే మాకు ముందు సెప్పేది ఇదే. దీన్ని తీసీమంటే ఎలాగ సెప్పండి?"

ఆశ్రిత లేచి వచ్చి, అడగొచ్చో లేదో అన్నట్టు నిలబడింది. అతను తల వంచాడు. ఆమె రెండు వేళ్ళు గడ్డం మీద ఆనించింది. వాళ్ళ తాతగారు వీణ మీటి వదిలాక తీగ మీద వేలు పెడితే తెలిసే వణుకు లాంటిది తెలిసింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే రూలు మారదు గదా. "సోమవారం పొద్దున్న పది లోపు" అని మాత్రం అనగలిగింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉద్యోగం పోతే మళ్ళీ విశాఖ వెళ్ళి ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో నిలబడాలి, పురిటి బిడ్డనీ తల్లినీ ఇక్కడ వదిలి. గడ్డం తీస్తే మళ్ళీ ఆ రెండేళ్ళ కిందటి సాయంత్రమే. ఆదివారమంతా సుభద్రమ్మ అమ్మవారికి మొక్కి, మొక్కిన ప్రతిసారీ కొడుకు గడ్డం వచ్చి చూసి వెళ్ళింది. అది అంగుళం కదల్లేదు.

సోమవారం పొద్దున్న అత్తాకోడళ్ళు ఆటోలో విజయనగరం ఆసుపత్రికి వెళ్ళారు. తిరుమలరావు పార్కుకొచ్చాడు. గేటు లోపల వేపచెట్టు కింద ఒక కుర్చీ వేసి ఉంది, పక్కన సూరయ్య తన కత్తుల పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. సూరయ్యది తిరుమలరావు ఊరే. బస్టాండు దగ్గర సెలూను. పార్కువాళ్ళు ఆ రోజుకి అతన్ని రప్పించారు. పొద్దుట్నించి పదిమంది గడ్డాలు అయ్యాయి. తిరుమలరావు కుర్చీ దగ్గరికి రాగానే సూరయ్య కత్తి మడిచి పెట్టెలో పెట్టేశాడు.

"నీది మాత్రం నావల్ల కాదు బావా. కడుపుతో ఉన్నదాని మొగుడి మొహానికి నాను కత్తి పెట్టను. మీ నాన్న గడ్డం కూడా మా నాన్న పురుడెల్లాకే గీసినాడు."

"పెట్టకపోతే ఉద్యోగం పోతాది సూరయ్య బావా."

"నీ ఉద్యోగానికి నన్నేటి సెయ్యమంటావు? ఇంకోణ్ణి సూసుకో."

ఆశ్రిత ఇద్దరి మొహాలూ చూసింది. తొమ్మిది దాటింది. "ఒకసారి ఇంట్లోవాళ్ళతో మాట్లాడండి" అంది. భార్యకి చెప్పకుండా గీయించుకునే ధైర్యం అతనికీ లేదు. ఫోను చేశాడు.

"దుర్గా, ఏటి సేస్తన్నావు?"

"మంచం ఇచ్చారు మావా. డాక్టరమ్మ సూసి ఎల్లింది. తల కిందకి రానేదంట. మజ్జాన్నం ఆపరేసన్ అన్నాది." గొంతు నిబ్బరంగానే ఉంది. "నీకాడెలాగుంది?"

"అడ్డంగానే ఉన్నాది. ఇక్కడ తీసీమంటన్నారు."

 ఇటు సుడిగుండం మీద ఇసక బస్తాల చుట్టు అయి, బండి ఖాళీగా వచ్చి ఆగింది. రాముడు ఎక్కడానికి తయారై చెప్పులు విప్పుతున్నాడు. బండి ఆగిన చప్పుడు ఆమెకి వినబడే ఉంటుంది.

"మావా, ఆ బండి ఎక్కొద్దని అత్త ఎందుకన్నాది?"

"నాను తలకిందులైతే పిల్ల తలకిందులవుద్దని."

"మరి డాక్టరమ్మ అడుగుతన్నాది అదే కదేటి!"

తిరుమలరావు సుడిగుండం కేసి తల ఎత్తి చూశాడు. ఇన్ని నెలలు ఎంత భద్రంగా నడిచాడు! మెట్లు కూడా ఒక్కొక్కటే దిగాడు, మంచం మీద పక్కకి తిరిగేటప్పుడు కూడా జాగ్రత్త పడ్డాడు. పిల్ల తిరగలేదంటే తిరగనిచ్చిందెవరు? కానీ వెంటనే భయం పట్టుకుంది. తన కోసం కాదు, ఆ చుట్లు అతనికి కొట్టినపిండి.

"ఏటైనా అయితే దుర్గా?"

"ఆసుపత్రిలోనే ఉన్నాను గదా. డాక్టరమ్మ పక్క గదిలోనే ఉన్నాది. ఎక్కు మావా. నాను ఎల్లకిలా పడుకుంటాను." ఆమె గొంతు తగ్గించింది. "అత్త కాఫీకెల్లింది. ఆవిడొచ్చీలోగా కానిచ్చీ."

అతను ఫోను కట్టెయ్యకుండా రాముడి చేతికిచ్చి, వాణ్ణి పక్కకి తప్పించి ముందు సీట్లో కూర్చున్నాడు. రూలు ప్రకారం అది అతని పనే కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. రాముడే బెల్టు గుంజి చూసి, వెళ్ళి మీట నొక్కాడు.

బండి గొలుసు మీద టకటకమంటూ ఎక్కింది. ఎంత ఎత్తంటే మిగిలిన జీడితోటలూ, వాటి అవతల సముద్రం గీతా కనబడ్డాయి. తిరుమలరావు కళ్ళు మూసుకుని రెండు చేతులతో గడ్డం పట్టుకున్నాడు. పట్టుకుంటే ఎలా తిరుగుతుందని తట్టి, వదిలేశాడు. అప్పుడు బండి దూకింది.

మొదటి సుడిలో తలకిందులైనప్పుడు గడ్డం ఎడమ చెంపకి ఇంకా గట్టిగా అతుక్కుంది. లోపలి పిల్లకి నచ్చలేదని అతనికి తెలిసిపోయింది. రెండో సుడిలో వెంట్రుకలన్నీ ఒక్కసారి లేచి, ఎటు పోవాలో తోచనట్టు నిలబడ్డాయి. "తిరుగమ్మా, మాయమ్మ గదూ" అని అరిచాడు. ఆ గాలికి మాట నోట్లోంచి రాలేదు గాని గడ్డానికి చేరింది. మూడో సుడి పైకంటా వెళ్ళి, భూమి నెత్తి మీదా ఆకాశం కాళ్ళ కిందా ఉన్న చోట, దవడ మొత్తం ఒక పెద్ద మెలి తిరిగినట్టయింది. నొప్పి కాదు. లోపలెవరో పక్క మీద ఇటు నుంచి అటు దొర్లినట్టు.

కింద ఏమైందో తర్వాత రాముడు చెప్పాడు. ఫోనులోంచి దుర్గాభవాని "ఓలమ్మో!" అని ఒక్క కేక పెట్టిందట. ఆశ్రిత, రాముడు, సూరయ్య ముగ్గురూ ఆ ఫోను మీదికి వంగారట. తర్వాత సుభద్రమ్మ గొంతు, "ఏటైనాదే, ఏటి సేసినావే?" అని. ఆ తర్వాత నర్సు ఎవరో నవ్వుతూ, తల కిందకొచ్చేసిందని చెప్పడం వినబడిందట.

బండి ఆగింది. తిరుమలరావు దిగాడు. గడ్డం బారుగా, తిన్నగా, గుండెల మీదికి వాలి ఉంది. కుడికీ ఎడమకీ ఒక్క వెంట్రుక లేదు.

"బాగుంది" అన్నాడు రోజూ అనాల్సిన మాట, ఏడుస్తూ.

సరిగ్గా అప్పుడే చేతిలో చిన్న స్కేలుతో జానకిరామయ్య వచ్చాడు. పెద్దమనిషి, మంచి మాటకారి, మీసాల్ని కొలిచి చూసే అలవాటు తప్ప ఇంకే చెడ్డలక్షణం లేదు. తిరుమలరావు దగ్గర స్కేలు ఎత్తి, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియక దించేశాడు.

"ఏమిటిది?"

"సాయంత్రానికి ఉండదు సార్" అంది ఆశ్రిత. ఎలా ఉండదో ఆమెకే తెలియదు. నోటికొచ్చేసింది.

"సాయంత్రం ఆరింటి దాకా ఇక్కడే ఉంటాను. అప్పటికీ ఉంటే ఇతను రేపట్నించి రానక్కర్లేదు, మాట ఇచ్చిన మీరు నాకు సంజాయిషీ చెప్పాలి" అని ఆయన కప్పుల ఆట వైపు వెళ్ళాడు.

ఆయన నాలుగడుగులు వేశాడో లేదో తిరుమలరావు గడ్డం ఒక్కసారి బిగుసుకుంది. ఎవరో గుప్పిట పట్టి కిందికి లాగినట్టు లాగి, వదిలింది. కాసేపాగి మళ్ళీ లాగింది. సూరయ్యకి వెంటనే అర్థమైంది.

"నొప్పులొచ్చేసినాయిరోయ్!"

ఆశ్రిత ఇంక ఏమీ ఆలోచించలేదు. సుడిగుండం తాళం రాముడి చేతిలో పెట్టింది, పార్కు వ్యాను తీయించింది. తిరుమలరావుని ఎక్కించి, సూరయ్యని పెట్టెతో సహా వెనక తోసింది, తనూ ఎక్కింది. కాన్పయిన మరుక్షణం ఆసుపత్రి వరండాలోనే గీసెయ్యాలని ఆమె ఆలోచన. అప్పుడు సూరయ్యకీ అభ్యంతరం ఉండదు, ఆరింటికి జానకిరామయ్యకీ ఉండదు. విజయనగరంలో ట్రాఫిక్ దగ్గర వ్యాను ఆగినప్పుడల్లా తిరుమలరావు దవడ పట్టుకుని మూలిగాడు. డ్రైవరు అద్దంలో చూసి, "పన్నునొప్పా?" అని అడిగాడు. "కాన్పునొప్పి" అంది ఆశ్రిత. "ఓహో" అని అతను హారను కొట్టాడు.

వరండాలో మధ్యాహ్నమంతా గడిచింది. లోపల దుర్గాభవాని కేక పెడితే బయట గడ్డం బిగుసుకునేది. సుభద్రమ్మ ఒట్టు తప్పిన కొడుకుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, అతని గడ్డానికే కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది. నాలుగు దాటాక గడ్డం రాలడం మొదలైంది. ముందు చెంపల మీద, తర్వాత దవడల కింద, చివరికి చుబుకం మీద. రాలిన వెంట్రుక నేల మీద పడినట్టే ఉండేది గాని, వంగి చూస్తే అక్కడ ఏమీ లేదు. సూరయ్య కత్తి తెరిచి పట్టుకున్నవాడు అలాగే పట్టుకుని చూస్తున్నాడు. ఆఖరి వెంట్రుక పోయేసరికి లోపల్నించి పిల్ల ఏడుపు వినబడింది. కోత లేదు, ఏమీ లేదు.

"నా కత్తికి పనే నేకపోయిందిరా బావా" అన్నాడు సూరయ్య. ఆ మాట అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

ఆశ్రిత ఫోను మోగింది. ఇంకా ఆరు కాలేదు. అవతల జానకిరామయ్య. ఆమె తిరుమలరావు మొహం కేసి చూసింది. కడిగిన పళ్ళెంలా ఉంది. "లేదు సార్. ఇప్పుడే పోయింది. మీరు కావాలంటే కొలిచి చూసుకోండి" అంది, ఆ ఉద్యోగంలో చేరాక మొదటిసారి గట్టిగా నవ్వుతూ.

నర్సు పిల్లని తెచ్చింది. ఆడపిల్ల. తల నిండా నల్లటి జుట్టు, మెడ దాటి భుజాల మీదికి ఉంది. నర్సు దాన్ని చూసి, "జడ ఎయ్యాలమ్మా" అని సుభద్రమ్మ చేతుల్లో పెట్టింది. సుభద్రమ్మ ఒకసారి మనవరాలి తలా, ఒకసారి కొడుకు నున్నటి గడ్డమూ చూసి, "ఒక్క పోగు ఒగ్గనేదు నీకు. మొత్తం తెచ్చీసుకున్నాది" అంది. తిట్లన్నీ అక్కడితో అయిపోయాయి.

తర్వాత లోపలికి వెళ్ళనిచ్చారు. దుర్గాభవాని అలసిపోయి పడుకుని ఉంది, మొహం మాత్రం వెలుగుతోంది. తిరుమలరావు పిల్లని ఎత్తుకుని మంచం అంచున కూర్చున్నాడు. ఎత్తుకోగానే అది ఏడుపు లంకించుకుంది. అలవాటు కొద్దీ అతని చెయ్యి గడ్డం మీదికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. ఇన్ని నెలలు దాని ప్రతి కదలికా తనకే ముందు తెలిసింది, దాని నిద్రా దాని అలకా తన దవడ మీదే జరిగాయి. ఇప్పుడు అది చేతుల్లోనే ఉంది గాని ఎందుకేడుస్తోందో అతనికి తెలియడం లేదు. 

"దుర్గా, ఏటే ఇది? ఏటి కావాలంట దీనికి?"

"నాకేటి తెలుసు మావా? నాకూ ఇప్పుడే కదా పరిసయం" అంది దుర్గాభవాని. "మొకం సూడు, అదే సెప్తాది."

తిరుమలరావు పిల్లని దీపం కేసి తిప్పుకుని, మొదటిసారి దాని మొహం చూశాడు.